పస్తులున్న ట్యాంకు

"ట్యాంకులో చుక్క నూనె లేదు, హెప్సిబా." వెంకటకృష్ణారావు రిపోర్టు కాగితం బల్ల మీద పడేశాడు. గన్నవరం దగ్గరున్న ఆ చిన్న ల్యాబ్ ఆయనదే.

హెప్సిబా కాగితం చూసింది. నత్రజని ఉండాల్సినదానికి ఇరవై రెట్లుంది. చెరుకు పిప్పి నుంచి తీసిన చక్కెర నీళ్లు ఈస్ట్ అనే సూక్ష్మజీవికి కావలసినన్ని పోస్తారు, నత్రజని మాత్రం అందనివ్వరు. అలా మాడిస్తేనే అది పెరగడం మాని ఒంట్లో నూనె దాచుకుంటుంది. మూడేళ్లుగా ఆమె చేస్తున్న పని అదే.

"ఎవరో యూరియా కలిపారు సార్."

"మూడింటికి డబ్బు పెట్టిన కంపెనీ వాళ్లొస్తారు. ఎవరో తేల్చు. లేదా నువ్వే సర్దుకుని వెళ్లు."

ఆ గది తాళంచెవులు రెండే. ఒకటి ఆమె దగ్గర, ఒకటి ఆపరేటర్ చక్రి దగ్గర ఉంటాయి. శనివారం దాకా నత్రజని లెక్క సరిగ్గానే ఉంది; ఆదివారం పగలు ఆమె డ్యూటీ, రాత్రి చక్రిది. ఆ రోజు డ్యూటీలో ఎక్కడికైనా వెళ్లావా అని ఆయన అడిగాడు. లేదంది. నిజానికి ఆరాధనకని రెండు గంటలు వెళ్లింది. అయితే క్యారేజీ తెచ్చిన నాన్న లాజరుని కాపలా పెట్టే వెళ్లింది. ఆయనుంటే ఈగ కూడా లోపలికి రాదు. ఇక ఆ మాట చెప్పి ఉద్యోగం పోగొట్టుకోవడం దేనికి?

"అయితే చక్రే," అన్నాడు వెంకటకృష్ణారావు.

హెప్సిబా కాదనలేదు. చక్రి వేరే ఉద్యోగం వెతుక్కుంటున్న సంగతి కూడా ఆమే చెప్పింది.

చక్రిని పిలిపించారు. విషయం విని అతను తెల్లబోయాడు. "మేడమ్, నా సంగతి మీకు తెలుసు కదండీ. ఒక్క మాట చెప్పండి."

ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. అతను మెడలోని ఐడీ కార్డు తీసి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. దొంగ పట్టుబడ్డాడని విన్న కంపెనీ వాళ్లు నూనె తీసి చూపించడానికి ఆమెకి ఇంకో నెల గడువిచ్చారు.

సాయంత్రం ఉయ్యూరులో ఇంటికొచ్చేసరికి లాజరు అరుగు మీద కొడవలి నూరుతున్నాడు. కూతుర్ని చూడగానే మొహం విప్పారింది.

"ఏమ్మా, నీ పురుగులు ఈపాటికి బాగా బలిసుంటాయే?"

"ఎందుకు నాన్నా?"

"తిండి పెట్టకుండా మాడుస్తున్నామని నువ్వే అన్నావు గదా. పాపం, నా ప్రాణం ఒప్పలేదు. నువ్వు చర్చికెళ్లగానే, పొలానికని బండి మీదేసుకొచ్చిన బస్తాలోంచి దోసెడు యూరియా తీసి ఆ చక్కెర నీళ్లల్లో కలిపా."