అల్లుడికి పెట్టిన గ్యాపు

"ఎర్రకారు ప్లగ్గులకు గ్యాపు ఎంత పెట్టారు మామయ్యా?"

షెడ్డులోకి వస్తూనే అల్లుడు అడిగిన మొదటి మాట అది. మెకానిక్ తల ఎత్తలేదు. అల్లుడి కారులోంచి విప్పిన స్పార్క్ ప్లగ్గులను పాతగుడ్డతో తుడుస్తున్నాడు.

మర్నాడే పందెం. బరిలో ఎన్ని కార్లున్నా అల్లుడి కంట్లో నలుసు ఎర్రకారు ఒక్కటే. రెండింటిదీ ఒకే రకం ఇంజను. రెండింటికీ ఇంజనులోకి గాలిని కూరే టర్బో తగిలించింది ఈ మామే. ఇద్దరిలో ఓడినవాళ్ళు ఇక జన్మలో స్టీరింగు ముట్టకూడదని ఒట్టు. ఆ ఒట్టు వేయించింది అల్లుడే.

"అది నన్ను దాటి దూసుకుపోతుంటే స్నేహితుల్లో తలెత్తుకోలేకపోతున్నాను. రేపటితో దాని పొగరు దిగాలి. నోర్మూసుకుని ఇంట్లో పడుండాలి!"

మామ దగ్గాడు. "దానికి పాయింట్ ఆరు మిల్లీమీటర్లు పెట్టాను. మీకూ అంతే."

అల్లుడి మొహం మాడిపోయింది. పెళ్ళిలో పెట్టిన ఉంగరం దగ్గర్నుంచి నిన్న విస్తట్లో పడిన ముక్క దాకా, తనకు ఒకరితో సమానంగా పెడితే అతనికి అవమానమే.

"దానికెంతో నాకూ అంతేనా? ఇంటల్లుడినన్న మర్యాద అక్కర్లేదా?"

మామ ప్లగ్గు వైపు చూశాడు. అల్లుడి వైపు చూశాడు.

"పొరపాటే అల్లుడుగారూ. మీకు ఎక్కువే పెడతాను."

"ఎంత?"

"దానికి రెట్టింపు."

అల్లుడు మీసం దువ్వుకున్నాడు. మామ ప్లగ్గుల కొనలు ఓపిగ్గా ఎడం చేసి, సన్నటి రేకుతో కొలిచి, బిగించాడు. కారు బుసకొడుతూ వీధి మలుపు తిరిగింది.

షెడ్డు వెనకే ఇల్లు. వంటింటి గుమ్మంలోంచి అత్తగారు బుగ్గలు నొక్కుకుంది. మెకానిక్‌తో కాపురం చేసిన మనిషి, ఆవిడకు తెలియనిదేముంది?

"టర్బో బండికి అంత గ్యాపేమిటండీ! గట్టిగా తొక్కగానే ఆ ఒత్తిడికి నిప్పురవ్వ ఆరిపోదూ? సగం దారిలో దగ్గుతూ నిలబడిపోతుంది!"

"మర్యాద అడిగాడు. చేశాను."

"ఎంతైనా అల్లుడండీ, పాపం!"

"కాదని ఎవరన్నారు?"

ఆయన చేతుల జిడ్డు కడుక్కుని లోపలికి వెళ్ళి, హెల్మెట్ తుడుచుకుంటున్న ఒక్కగానొక్క కూతురి చేతిలో ఎర్రకారు తాళాలు పెట్టాడు.