కొరకని చేప

"కొరుకు," అన్నాడు స్టైనార్.

హాల్డోరా మోకాలి లోతు నీళ్లలో వంగి, చేతివలలో కొట్టుకుంటున్న సాల్మన్ చేప వీపుని బొటనవేలితో ఒకసారి తడిమింది. నోట్లోంచి కొక్కెం తీసింది. ప్రవాహానికి ఎదురుగా పట్టుకుని, అది తేరుకోగానే వదిలేసింది.

"ఇది కాదు," అంది.

స్టైనార్ టోపీ తీసి నెత్తి గోక్కున్నాడు. ఐస్‌లాండ్ ఉత్తరాన ఉన్న ఈ నది క్యాంపులో, గాలం వేయడానికి వచ్చేవాళ్లకి దారి చూపుతూనే అతని గడ్డం నెరిసింది. మొదటి సాల్మన్ పట్టినవాళ్లు, తోకకి దగ్గరగా దాని వీపు మీదుండే చిటికెన గోరంత రెక్కని పళ్లతో కొరికి మింగాలి. ఆ తర్వాత చేపని నదికి వదిలేయాలి. పాస్టర్లు కొరికారు, పెళ్లికూతుళ్లు కొరికారు, కొరికి కక్కుకున్నవాళ్లూ ఉన్నారు. కొరకనని భీష్మించుకున్నది మాత్రం క్యాంపు వంటావిడ హాల్డోరా ఒక్కతే. ఈ వేసవిలో ఆమె గాలానికి పడ్డ ప్రతి చేపకీ ఇదే మర్యాద.

"కొరికేదాకా పట్టినట్టు లెక్క కాదు. తెలుసుగా?"

"తెలుసు."

"నీవి కట్టుడు పళ్లని క్యాంపులో అంతా అనుకుంటున్నారు."

"రేపు అందరికీ ఎండుచేప పెడతాను. ఎవరివి కట్టుడు పళ్లో తేలిపోతుంది."

వంటకి కుదిరినప్పుడు హాల్డోరా పెట్టిన షరతు ఒక్కటే. రోజూ సాయంత్రం కాసేపు పై మడుగుని తనకి వదిలేయాలి. అక్కడికి రాళ్ల మీద చాలా దూరం నడవాలి కాబట్టి అతిథులెవరూ అటు వెళ్లరు. స్టైనార్ మారు మాట్లాడకుండా ఒప్పుకున్నాడు. నిరుడు ఆమె కూతురు బిర్నా తన మొదటి సాల్మన్‌ని ఆ మడుగులోనే పట్టింది, అతను పక్కనుండగానే. చలికాలంలో మంచు రోడ్డు మీద కారు జారి బిర్నా చనిపోయింది. ఇప్పుడు హాల్డోరా చేతిలో ఉన్న గాలపు కర్ర ఆ పిల్లదే. ఆ కర్రతో, ఆ మడుగులో ఒక చేప పట్టాలనే తల్లి పంతం అతనికి అర్థమైంది. పట్టినదాన్ని పట్టినట్టే ఎందుకు వదిలేస్తోందో మాత్రం అంతుపట్టలేదు.

సీజన్ ఆఖరి సాయంత్రం వడగళ్ల లాంటి వాన మొదలైంది. హాల్డోరా గొర్రెమాంసం సూపు సన్నని సెగ మీద పెట్టి, రబ్బరు బూట్లు తొడుక్కుని బయల్దేరింది. స్టైనార్ గొణుక్కుంటూ వెంట నడిచాడు.

"కింది మడుగులో చేపలు కిటకిటలాడుతున్నాయి. ఈ ఒక్కరోజైనా నా మాట విను."

"చేప తన మడుగుకే వస్తుందని చెప్పింది నువ్వే కదా."

"నేను చెప్పేవన్నీ నమ్మితే ఎలా? నా పెళ్లాం ఒక్కటీ నమ్మదు."

ఆమె ఈకల ఎరని దూరంగా విసిరింది. అది అవతలి బండ పక్కన వాలి, వంపు తిరిగి, ఖాళీగా వచ్చింది. మళ్లీ విసిరింది.

"బిర్నా పట్టినదానికంటే పెద్దది కావాలా నీకు? అదేమంత పెద్దది కాదు, నీ చెయ్యంత కూడా లేదు," అన్నాడు స్టైనార్.

"రెక్క నీ మీదే ఉమ్మిందటగా."

"సగం మింగింది, సగం నా గడ్డం మీద. ఆ తర్వాత ముందు పళ్ల సందులోంచి ఒక ఈల వేసింది చూడు, కొండ మీద గొర్రెలు కూడా మేత మానేశాయి."

హాల్డోరా నవ్వింది. "ఆ సందు మూలంగా చిన్నప్పుడు రొట్టె కొరికితే మధ్యలో సన్నటి గోడ మిగిలేది. 'గోడ నీకమ్మా' అని నా నోట్లో పెట్టేది."

ఆమె విసురుతూనే ఉంది. వాన వాళ్ల మెడల్లోంచి లోపలికి దిగుతోంది. ఆమె వేళ్లు నీలంగా మారాయి.

"ఇక చాలు. వచ్చే ఏడు మళ్లీ రా. మడుగు ఎక్కడికీ పోదు."

"వచ్చే ఏటికి ఉండదు, స్టైనార్. ఈ ఏడు దొరక్కపోతే ఇక దొరకదు."

"ఎందుకుండదు? నీ ఉద్యోగం ఎవరూ ఊడబీకరు."

ఆమె మళ్లీ విసిరింది. ఈసారి ఎర బండ దాటిందో లేదో, కర్ర విల్లులా వంగింది.

చేప ఆమెని మడుగంతా తిప్పింది. ఒకసారి రాళ్ల మధ్యకి లాక్కుపోతే హాల్డోరా జారి నడుం దాకా మునిగింది. స్టైనార్ చెయ్యి చాచాడు. "ముట్టుకోకు," అని కసిరి తనే లేచింది. ఆమె గుప్పిట మాత్రం సడలలేదు. చివరికి చేప అలిసిపోయి వలలోకి వచ్చింది.

స్టైనార్ ఒడ్డు నుంచే తొంగి చూసి నిట్టూర్చాడు. బక్కచిక్కిన చేప, పక్కలనిండా పాత గాయాలు.

"కష్టమంతా దీనికోసమా? నిరుడు కూడా వచ్చి గుడ్లు పెట్టి సముద్రానికి పోయినదే ఇది. అలా పోయి రెండోసారి తిరిగొచ్చేవి ఎక్కడో ఒకటీ అరా. దీనిలో కొరకడానికేముంది, వదిలెయ్."

హాల్డోరా ఎప్పటిలాగే దాని వీపు తడిమింది. బొటనవేలు మధ్యలో ఆగిపోయింది. ఇది కాదు అనలేదు. నీళ్లలో మోకాళ్ల మీద కూలబడి, వంగి, ఆ వీపుకి పెదవులు ఆనించింది. ఆమె భుజాలు కదులుతున్నాయి. రెక్క కొరికినవాళ్లకి టోపీ తీయడం ఆచారం, స్టైనార్ తీశాడు.

"కొరికావా మొత్తానికి?"

ఆమె తల అడ్డంగా ఊపి, అతనికి కనిపించేలా చెయ్యి పక్కకి జరిపింది.

రెక్క ఉండాల్సిన చోట, రెండు పాత గాట్ల మధ్య, సన్నటి గోడ మిగిలి ఉంది.