హస్తవాసి

“లే, వెళ్దాం పద!”

కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్న భార్య రెక్క పట్టుకుని లాగాడు భర్త. అప్పుడే మెషీన్ ఆన్ చేసిన డెంటిస్టు కంగారుపడ్డాడు.

“ఏమైంది సార్?”

“ఏ పన్ను నొప్పో ఆవిడ ఇంకా చెప్పనే లేదు. మీరు అప్పుడే పని మొదలుపెట్టేశారు.”

“నోరు చూస్తే తెలిసిపోదా సార్?”

“తెలిసిపోదు,” అంటూ ఆమె చెప్పులు వెతికి కాళ్ళ దగ్గర పెట్టాడు.

రోడ్డు మీదకి వచ్చాక ఆమె దవడకి రుమాలు అదుముకుని నిలబడిపోయింది. ఎడం బుగ్గ బూరెలా ఉబ్బింది. మాట్లాడితే నొప్పి, మాట్లాడకపోతే కోపం ఆగట్లేదు.

“వెధవ పన్ను! ఎవరో ఒకరు పీకేస్తే పీడా వదిలిపోతుంది కదండీ!”

“పీకడం ఎవడైనా పీకుతాడు. నిలబెట్టేవాడు కావాలి.”

“ఈలోగా నేను నిలబడేలా లేను.”

ఆయన వినిపించుకోకుండా ఆటో ఆపాడు.

రెండో క్లినిక్ అద్దాల మేడలా ఉంది. గోడంతా నవ్వుతున్న మొహాల ఫోటోలు. అక్కడి డాక్టరు ఒక్క నిమిషం టార్చి వేసి చూసి, పాడైన పన్నుతో పాటు పక్క రెండూ తీసేసి మొత్తం వరస కొత్తది కట్టేద్దామన్నాడు. ఇంతలో ఫోన్ మోగింది. గ్లవ్స్ తోనే తీసి మాట్లాడాడు. మాట్లాడి పక్కన పెట్టి, అదే చేత్తో ఆమె నోటి మీదకి వంగాడు.

“గ్లవ్స్ మార్చండి,” అన్నాడు భర్త.

“మీరు బయట కూర్చోండి సార్.”

“కూర్చుంటాం. ఇద్దరం.”

ఈసారి మెట్ల మీదే ఆమెకి ఏడుపొచ్చేసింది. “నిన్నట్నుంచీ గంజినీళ్ళే తాగుతున్నాను. రాత్రి ఒక్క కునుకు లేదు. అడుగు పెట్టిన చోటల్లా వంకలే! అసలు మీకు ఎవరి చెయ్యీ నచ్చదు. అదీ మీ జబ్బు.”

ఆయన కాసేపు ఇటూ అటూ తిరిగి, “ఇంకొక్క చోటు. అక్కడ కూడా నాకు నచ్చకపోతే నువ్వు చెప్పిన చోటికే వెళ్దాం. నోరెత్తను,” అన్నాడు.

మూడోది బట్టల కొట్టు పైన చిన్న క్లినిక్. నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఊగే ఫ్యాను. ఆమె కూలబడింది. ఆయన మాత్రం కూర్చోలేదు. లోపలి గదికీ వీధి కిటికీకీ మధ్య పచార్లు చేస్తూ, సగం తెరిచి ఉన్న తలుపు దగ్గరికి వచ్చినప్పుడల్లా చెవి అటు వేస్తున్నాడు.

లోపల ఎవరో ముసలావిడ గొంతు: “పళ్ళసెట్టు గుచ్చుకుంటోందే తల్లీ. నా చిగుళ్ళే మంచివి కావేమో!”

దానికి ఒక ఆడపిల్ల గొంతు: “మీ చిగుళ్ళు బంగారం మామ్మగారూ. కొలత తీసుకోవడంలో నేనే పొరపాటు చేశాను. ఇది పక్కన పడేసి మళ్ళీ చేస్తాను.”

భర్త వచ్చి భార్య పక్క కుర్చీలో కూర్చున్నాడు. పొద్దుట్నుంచీ ఒక క్లినిక్‌లో ఆయన కూర్చోవడం అదే మొదటిసారి.

వాళ్ళ వంతు వచ్చింది. డాక్టరమ్మాయి చిన్నదే. నొప్పి ఎప్పుడు మొదలైందో, చల్లటిది తగిలితే ఎలా ఉంటుందో, ఏ వైపు తిరిగి పడుకుంటుందో అన్నీ అడిగింది. అద్దం నోట్లో పెట్టేముందు, “పెడుతున్నానమ్మా,” అని చెప్పి పెట్టింది. ఎక్స్‌రే తీసి వెలుతురులో పట్టుకుంది.

“ఇక్కడ ఇదివరకు ఫిల్లింగ్ చేశారు. ఎవరు చేశారమ్మా?”

భార్య నోట్లో దూది ఉంది. భర్తే చెప్పాడు. “ఒక పాత డాక్టరు.”

“పైకి నీటుగానే చేశారు. కానీ అడుగున పుచ్చు పూర్తిగా తీయకుండా మూసేశారు. ఆ తొందరే ఇప్పుడు ఈవిడ ప్రాణం తోడేస్తోంది.”

భర్త మొహం జేవురించింది. “ఆయన చాలా పేరున్న డాక్టరు. హస్తవాసి మంచిదని ఎంతమంది చెప్పుకుంటారో తెలుసా?”

“కావచ్చండీ. పేరు చూసి పుచ్చు ఆగదు కదా!”

ఆయన ఎక్స్‌రే తీసుకుని కిటికీ దగ్గరికి నడిచాడు. చాలాసేపు అలా చూస్తూనే ఉండిపోయాడు. కుర్చీలో భార్య కళ్ళు మూసుకుంది, మళ్ళీ లేవమంటాడని.

“తీసెయ్యాలా?” అన్నాడు చివరికి.

“ఎందుకండీ? వేరు గట్టిగా ఉంది. రూట్ కెనాల్ చేసి నిలబెడదాం. ఇంకో రెండుసార్లు రావాలి, అంతే.”

“చెయ్యండమ్మా.”

మత్తు సూది వేస్తుంటే ఆయన భార్య చెయ్యి పట్టుకున్నాడు. డాక్టరమ్మాయి ఓరగా చూసి నవ్వింది. “ఆవిడ ధైర్యంగానే ఉన్నారు. మీ చేతులే వణుకుతున్నాయి. కాసేపు కూర్చోండి సార్.”

ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కళ్ళు మాత్రం ఆ అమ్మాయి వేళ్ళ మీంచి కదల్లేదు.

పని అయింది. భార్య చాలా సేపటికి హాయిగా ఊపిరి వదిలింది.

“అమ్మా,” అన్నాడు ఆయన గొంతు సవరించుకుని. “మావాళ్ళు చాలామంది ఉన్నారు. పిల్లలు, ముసలివాళ్ళు, భయస్తులు, మొండివాళ్ళు. అందర్నీ మీ దగ్గరికే పంపిద్దామనుకుంటున్నాను. చూస్తారా?”

“అంత పెద్ద కుటుంబమా సార్?”

“ఒక్కొక్కరే వచ్చి చేరారు.”

“తప్పకుండా చూస్తాను. ఒక్క మాట మాత్రం మరోలా అనుకోకండి.” డాక్టరమ్మాయి భార్య వైపు తిరిగి గొంతు తగ్గించింది. “ఎంత పేరున్నా సరే, మీరు మాత్రం ఇక ఆ పాత డాక్టరు దగ్గరికి వెళ్ళకండమ్మా.”

భర్త భుజం ఆసరాగా కుర్చీ దిగుతూ, మొద్దుబారిన మూతితోనే నవ్వింది ఆమె. “ఎలా కుదురుతుందమ్మా? ఇప్పుడు నేను ఇంటికి వెళ్ళాల్సింది ఆయనతోనే!”