గద్ద వచ్చి వెళ్ళాక

గద్ద దాడిలో తల్లులు పోయిన పిల్లలను చుక్కలకోడి సాకుతోంది. ఒక పిల్ల గంప కింది నుంచి రానని కీచుమంటే, ఆ రోజు విసుగెత్తి దాన్ని ముక్కుతో పొడిచింది.

"ఇక నావల్ల కాదత్తా, వీళ్ళను వదిలేస్తా," అని ముసలి బాతు దగ్గర ఏడ్చింది.

"ఆడపుట్టుక పుట్టి ఆమాత్రం ఓర్పు లేదా?" అన్నాడు గోడమీది పుంజు.

"నువ్వు దిగొచ్చి ఒక్క పూట చూడు నాయనా, తర్వాత కూద్దువు," అంది బాతు. పుంజు దిగలేదు.

బాతు కోడిని రెక్క కిందికి తీసుకుంది. "ఆ పిల్ల అరిచినప్పుడు నీకేమనిపించిందే?"

"గద్ద నామీదికే వచ్చినట్టుంది."

"రోజంతా వాళ్ళ భయం వింటున్నావు. నీకూ భయం వేయదా మరి?"

కోడి మనసు తేలికయ్యేదాకా చెప్పుకుంది. "వెళ్తానత్తా. ఆ పిల్లను బయటికి రమ్మని పిలవను, గంప పక్కన కూర్చుంటా."

"వెళ్ళు. రేపూ ఈ వేళకు రా. ఏ తప్పూ చేయకపోయినా రా."