మామూలే అన్నా వినకు

దుప్పటి సర్దుతున్న ఆయమ్మ ఉన్నట్టుండి పేషెంటు గొంతు పక్కన రెండు వేళ్ళు ఆనించింది.

“ఇక్కడ కోస్తారు నాయనా. మెడ వెనక కాదు, ముందు నుంచే.”

రంగుల మేస్త్రి ముఖం సున్నం కొట్టిన గోడలా తెల్లబోయింది. పక్కన స్టూలు మీద కూర్చున్న భార్యకు ఒళ్ళు మండింది.

ఇరవై ఆరేళ్ళు తల పైకెత్తి ఇళ్ళ పైకప్పులకు రంగులేసిన మనిషి ఆయన. మెడ దగ్గర వెన్నుపూసలు అరిగి నరాలను నొక్కేశాయి. చేతిలో బ్రష్షు తెలియకుండానే జారిపోతోంది. చొక్కా గుండీలు భార్యే పెడుతోంది.

తెల్లారితే ఆపరేషన్. రెండు పూసల మధ్య ఎముక ముక్క పెట్టి, మరలతో బిగించి, రెంటినీ ఒకటిగా అతికేలా చేస్తారట.

“పోయిన పట్టు తిరిగొస్తుందని మాటివ్వలేను. ఉన్నది పోకుండా చూస్తాను,” అని డాక్టరు ముందే చెప్పేశాడు.

ఆ మాటే మింగుడు పడక సతమతమవుతుంటే, ఇప్పుడు ఈవిడొకతి.

“లేచాక గొంతు బొంగురుపోతుంది. మంచినీళ్ళు కూడా ముళ్ళలా దిగుతాయి. భుజాల మధ్య బండ పెట్టినట్టుంటుంది. అవన్నీ మెల్లగా సర్దుకుంటాయి, భయపడకు నాయనా.”

“ఇంక ఆపుతావా?” అంది భార్య.

ఆయమ్మ ఆపలేదు. భార్య చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“ఇది నీకు తల్లీ. మొదటి రోజు ఆయన మీద నుంచి చూపు తిప్పకు. మాట ముద్దగా వచ్చినా, మెడ ఉబ్బినా, పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చున్నా, లోపల రక్తం చేరి గొంతును నొక్కేస్తోందన్న మాట. బెల్లు నొక్కి కూర్చోకు. పరిగెత్తు. కేకలు పెట్టు. ఎవరు మామూలే అన్నా వినకు.”

“పక్కలు మార్చేదానివి పక్కలు మార్చు! నీ నోట ఒక్క మంచిమాట రాదా?”

ఆయమ్మ మాసిన దుప్పటి చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

“ఆపరేషన్ వద్దే. ఇంటికి పోదాం పద,” అన్నాడు మేస్త్రి.

దాంతో భార్య తిన్నగా సూపర్‌వైజర్ గదికి వెళ్ళింది.

“మీ ఆయమ్మ మాటలతోనే మనుషుల్ని చంపేసేలా ఉంది సార్.”

“మళ్ళీనా?” సూపర్‌వైజర్ పెన్ను తీశాడు. “ఇది మూడో కంప్లైంటు. ఇక మీకు కనబడదులెండి.”

అన్నట్టే మర్నాడు కనబడలేదు. వేరే ఆమె వచ్చి, నోట్లో నాలుక లేనట్టు పని చేసుకుని పోయింది. భార్యకు ప్రాణం హాయిగా అనిపించింది.

భార్య నచ్చజెబితే మేస్త్రి ఒప్పుకున్నాడు. ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. మధ్యాహ్నం మెడకు పట్టీతో మేస్త్రిని గదికి తెచ్చారు. బొంగురు గొంతుతో ఆయన మొదట అడిగిన మాట, “నువ్వు తిన్నావా?”

నాలుగున్నరకు మళ్ళీ ఏదో అన్నాడు. నోటినిండా అన్నం కుక్కుకున్నట్టు వచ్చింది మాట. భార్య నవ్వబోయింది.

ఆయన లేచి కూర్చోవడానికి పెనుగులాడుతున్నాడు.

డ్యూటీ నర్సు వచ్చి, గుమ్మంలోంచే చూసింది.

“ఈ ఆపరేషన్ తర్వాత మామూలేనమ్మా. కాసేపు పడుకోబెట్టండి.”

ఆ మాట వినగానే భార్య పట్టీ పక్కకు జరిపి చూసింది. గొంతు పక్కన కోడిగుడ్డంత ఉబ్బు.

చెప్పులైనా వేసుకోకుండా వరండాలోకి పరిగెత్తింది.

“డాక్టర్! మా ఆయనకు ఊపిరాడటం లేదు!”

మెట్లు దిగుతున్న డాక్టరు చొక్కా పట్టుకుని లాక్కొచ్చింది.

ఆపరేషన్ గదికి తీసుకెళ్ళే వ్యవధి లేదు. డాక్టరు మంచం మీదే కుట్లు తెంపాడు. నల్లటి రక్తపు గడ్డలు దుప్పటి మీద పడ్డాయి. మేస్త్రి ఊపిరి పీల్చిన చప్పుడు గదంతా వినిపించింది.

“ఇంకో పది నిమిషాలు ఆగుంటే...” డాక్టరు మాట పూర్తి చెయ్యలేదు. “మీకెవరు చెప్పారమ్మా?”



మేస్త్రి బతికాడు. చేతికి పట్టు మాత్రం రాలేదు. గ్లాసును రెండు చేతులతో పట్టుకుంటున్నాడు. ఇక నిచ్చెన ఎక్కలేడని ఇద్దరికీ తెలుసు. ఎవరూ పైకి అనడం లేదు.

ఆరో రోజు భార్య హెడ్ నర్సును వెతుక్కుంటూ వెళ్ళింది.

“ఆ ఆయమ్మ ఇల్లెక్కడ సిస్టర్? వెళ్ళి కాళ్ళు పట్టుకోవాలి.”

“అద్దె గది ఖాళీ చేసి వెళ్ళిపోయిందట. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు. మీ కంప్లైంటుతోనే కదమ్మా తీసేశారు.”

భార్య తల దించుకుంది.

“పక్కలు మార్చే మనిషికి ఇదంతా ఎలా తెలుసు సిస్టర్? సొంతవాళ్ళెవరినైనా ఇలా పోగొట్టుకుందా?”

హెడ్ నర్సు తలుపు దగ్గరగా వేసింది.

“లేదమ్మా. బతిమాలుకుని ఆ పనిలో చేరింది గానీ, అంతకుముందు ఇదే వార్డులో నర్సు. ఊపిరాడటం లేదన్న పేషెంటుకు మామూలేనని చెప్పి పడుకోబెట్టిన నర్సు.”