ఒక్క ‘బహుశా’ కోసం

మ్యూరియల్ హాస్కిన్ ముందున్న ప్రూఫు కాగితం మీద ఆ మనిషి చిటికెడు నల్లని వెంట్రుకలు పెట్టాడు.

"ఏమిటివి?"

"టువాన్ తోక వెంట్రుకలమ్మా. మా టాల్గారా గట్టు మీదివి."

మ్యూరియల్ కళ్లద్దాలు తీసి కళ్లు నులుముకుంది.

సృష్టికర్త సమస్త మృగజాతినీ ఒక్కరోజులో ముగించి విశ్రమించాడంటారు. ఆయన చేసిన పనిని సరిచూసే భారం మాత్రం మెల్‌బోర్న్‌లో, లిఫ్టు లేని మేడ మూడో అంతస్తులో, ఏళ్ల తరబడి మ్యూరియల్ మీద ఉంది. వన్యప్రాణి మహాసర్వస్వం కొత్త కూర్పు టువాన్ దాకా వచ్చేసరికి, బొచ్చున్న ప్రాణులన్నిటి మీదా ఆమెకు విరక్తి కలిగింది. బొరియల్లో బతికే వాంబాట్ ఇంకా మిగిలే ఉంది.

చెట్టుతొర్రల్లో కాపురముండే గుప్పెడంత జీవి టువాన్. దాని వ్యాసంలో పాత కూర్పు నుంచి చెక్కుచెదరకుండా వస్తున్న వాక్యం ఒకటుంది: ‘టాల్గారా గట్టున ఈ ప్రాణి పూర్వమే అంతరించినది.’

"ఆ ముక్క తప్పు. ఉంది. నేను చూశాను" అన్నాడతను.

"మీరు చూస్తే చాలదండి. అచ్చులో ఆధారం ఉండాలి."

"అచ్చు ఎక్కడ దొరుకుతుంది?"

"ఇలాంటి గ్రంథాల్లో."



"అంటే, ముందు మీరు అచ్చేస్తే, అది చూసి మీరు అచ్చేస్తారన్నమాట."

పక్కబల్ల దగ్గర తోటి సంపాదకుడు క్లైవ్ నవ్వును దగ్గుగా మార్చుకున్నాడు.

మ్యూరియల్ అతన్ని పరిశీలించింది. అరవై దాటి ఉంటాయి. మెడకు అరువు టై. ఎడమచేతికి రెండు వేళ్లు లేవు. ఏ యుద్ధంలోనో పోయి ఉంటాయనుకుంది.

"ఎవరి తరఫున వచ్చారు?"

"ఎవరి తరఫునా కాదమ్మా."

"పేరు?"

"రాసుకోకండి. మావాళ్లకి తెలిస్తే బాగుండదు."

అతను మెట్లు దిగాక క్లైవ్ అన్నాడు. "చెట్లు కొట్టొద్దని వాటికి గొలుసులతో కట్టేసుకుని కూచునే బాపతు. గొలుసు కొనే స్తోమత లేక నీ దగ్గరికొచ్చాడు."

"మరి ఈ వెంట్రుకలు?"

"ఏ పిల్లివో. టీలో పడకుండా చూసుకో."

చేతికందే దూరంలోనే ఫోను ఉంది. మ్యూజియం వాళ్లను అడిగితే వెంట్రుకలు దేనివో చెప్పేస్తారు. కానీ అక్కడి పండితుడు ఫోనెత్తితే గంటసేపు దించడు. ఆ గంట తలుచుకుంటేనే మ్యూరియల్‌కు నీరసం వచ్చింది.

వెంట్రుకలను బూడిదగిన్నెలోకి ఊడ్చేసింది.

గురువారం అతను మళ్లీ వచ్చాడు.

"అదిగో, నీ టువాన్ వరుడు" అన్నాడు క్లైవ్.

ఈసారి అతను కూర్చోలేదు.

"గట్టు మీద పాత ఐరన్‌బార్క్ చెట్టుంది. దాని తొర్రలో తల్లీ పిల్లలూ ఉన్నాయి. సోమవారం ఆ చెట్టు కొట్టేస్తారు, రైలుపట్టాల కింద వేసే దుంగల కోసం. ఆగండయ్యా అంటే మీ పుస్తకం చూపిస్తున్నారు. లేని జంతువు కోసం చెట్టు వదలమంటావా అని ఎగతాళి."

"నేనేం చేయనండి?"

"ఉందని రాయొద్దు, పోనీ. ‘బహుశా’ అని ఒక్క మాట వేయండి. ఆ కాగితం చూపిస్తే, అటవీశాఖ వాళ్లొచ్చి చూసేదాకా ఆగుతామన్నారు."

"సర్వస్వంలో బహుశాలుండవండి. ఒకదానికి చోటిస్తే పుస్తకమంతా పాకుతాయి."

అతను ఎడమచేతికి మిగిలిన మూడు వేళ్లతో ఆ వాక్యాన్ని ఒకసారి రుద్ది చూశాడు, చెరిగిపోతుందేమోనన్నట్టు.

"బాగా అలిసిపోయారమ్మా మీరు" అన్నాడు, ఎత్తిపొడుపు లేకుండా. "కాసేపు పడుకోండి."

ఆ సాయంత్రం టువాన్ వ్యాసం మీద ‘సరిచూడబడినది’ అన్న ముద్ర పడింది.

మంగళవారం వాంబాట్ వంతు వచ్చింది. మొదటి పేరాలోనే ‘బహుశా’ కనబడింది. అంచున దస్తూరీ గుర్తుపట్టడానికి మ్యూరియల్‌కు కళ్లద్దాల అక్కర లేకపోయింది. పోయినేడు తానే చేర్చిన మాట.

మర్నాడు ఆమె టాల్గారా రైలెక్కింది.

గట్టు నిండా మొద్దులే. అన్నిటికన్నా పెద్ద మొద్దు పక్కన మాను పగిలి పడి ఉంది. దాని తొర్రలోంచి బెరడు పీచుతో అల్లిన గూడు సగం బయటికి వేలాడుతోంది. గూట్లో ఏమీ లేదు.

తన వాక్యంలో ఇప్పుడు ఒక్క దోషం కూడా లేదని మ్యూరియల్ గ్రహించింది.

దారి మొదట్లో ఒకావిడ బండి పెట్టుకుని కూలీలకు మాంసం కూరిన రొట్టెలు అమ్ముతోంది.

"చెట్లు కొట్టొద్దని గొడవ చేసినవాళ్లు ఎక్కడుంటారమ్మా?" అని అడిగింది మ్యూరియల్.

"ఇక్కడ గొడవెవరు చేశారు తల్లీ? ఈ ఎండలో గొడవ చేసే ఓపికెవరికుంది?"

"ఒక పెద్దాయన ఉండాలి. ఎడమచేతికి రెండు వేళ్లుండవు."

"కొరిగనా?" ఆవిడ రొట్టె మీద సాసు పోయడం ఆపింది. "పట్నంలో చదువుకున్నావిడెవరో ఒక మాట రాసిస్తుందని, వారమంతా ఆ చెట్టొక్కటీ వదిలి చుట్టూరా కొట్టాడు. మేస్త్రీ కూడా సోమవారం దాకా చూశాడు."

"చుట్టూరా కొట్టాడా? ఎవరు?"

"ఇంకెవరు, కొరిగనే. చిన్నప్పట్నుంచీ ఈ గట్టున రంపం ఆయనదే, ఆ వేళ్లు తిన్నదీ అదే. సోమవారం పొద్దున్న మటుకు ఆ చెట్టు కింద నిలబడి చాలాసేపు పైకి చూసి, ఇదుగో, రంపం నా బండికి ఆనించి, ఇక నావల్ల కాదు, మీరే కొట్టుకోండని చెప్పి వెళ్లిపోయాడు."