పిల్లికి కాపలా

ఈ కథలో ఆవగింజంత అబద్ధం లేదు. పుట్టి బుద్ధెరిగాక నా నోట ఒక్క అబద్ధం దొర్లిందని ఎవరైనా రుజువు చేస్తే సగం మీసం గొరిగించుకుంటాను. ఇక వినండి.

“మళ్ళీ ఎవరు పెట్టారు దీనికి ఎండుచేప?” టైలరు గుమ్మంలోంచే అరిచాడు.

వెనక ముసలి తండ్రి, చేతిలో బుట్ట, బుట్టలో పిల్లి. మూత్రంలో ఇసుక పలుకుల్లాంటివి పేరుకుని, దారి మూసుకుపోయి, నెలలో రెండోసారి గొట్టం వేయించుకుని వస్తోంది. దారిలో కక్కితే చేప ముల్లు పడింది. తనిచ్చిన పిల్లుల డబ్బా తిండి తప్ప ఇంకేం పెట్టొద్దని, ఈసారి మూసుకుపోతే బతుకు మీద ఆశ వదులుకోమని డాక్టరు ఖరాఖండిగా చెప్పేశాడు.

“నన్ను చూస్తారేం? పిల్లి మీద ఒట్టు, నేను పెట్టలేదు,” అంది భార్య.

“దాని మీద వేస్తే అది ఇంకా తొందరగా పోతుంది. నీ మీద వేసుకో ఒట్టు.”

ఆమె మూతి మూడు వంకరలు తిప్పి లోపలికి పోయింది. టైలరు ఇంట్లో ఉన్న ఎండుచేపలన్నీ గుడ్డసంచిలో పోసి మూతి కుట్టేశాడు. ముడి ఎక్కడుందో కనబడని కుట్టు. విప్పితే మళ్ళీ వేయడం అందరి తరమూ కాదు. పిల్లి గిన్నె దగ్గర కాపలా మాత్రం ఎప్పటిలాగే వాళ్ళ నాన్నదే. పళ్ళు లేని ఆ ముసలాయన జావ తాగుతూ, “గిన్నె నాకేసిందిరా, మెతుకు మిగల్లేదు” అని పూటపూటా చెబుతుండేవాడు.

నాలుగోరోజు పిల్లి ఇసుక తొట్టిలో కూర్చుని మూలిగింది. ఎంత ముక్కినా చుక్క రాలేదు. టైలరు పరుగున వెళ్ళి సంచి తీశాడు. సగానికి సగం ఖాళీ! కుట్టు మాత్రం చెక్కుచెదరలేదు. కళ్ళజోడు పెట్టుకుని వెలుతురులో చూశాడు. పోగులన్నీ ఎడమకి వాలి ఉన్నాయి.

ఆ ఇంట్లో ఎడమచేత్తో సూది పట్టేది ఒక్కరే, టైలరుకి కుట్టు నేర్పినవాడు.

భార్య పిల్లిని బుట్టలో పెట్టుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తింది.

“నాన్నా... నువ్వా?” టైలరు సంచి తెచ్చి ముసలాయన ముందు పడేశాడు. “చస్తుందని డాక్టరు చెప్పినప్పుడు నా పక్కనే కూర్చుని విన్నావు కదా! కంచే చేను మేస్తోందని తెలియక, నా పెళ్ళాం మీద నిందేశాను.”

“కొంచెమే పెట్టానురా.”

“గిన్నె నిండా తిండి ఉండగా ఎందుకు పెట్టాలి?”

“ఎక్కడుంది? గిన్నె ఖాళీ. మరి దాని కడుపు మాడ్చమంటావా?”

“ఖాళీ ఎలా అవుతుంది?”

ముసలాయన తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు. “నాకేమో మూడు పూటలా జావ. దానికేమో మెత్తటి మాంసం. నమలక్కర్లేదు కూడా. భలే రుచిరా!”

పిల్లి బతికింది. కొడుకు మాత్రం నెలరోజులు తండ్రి మొహం చూడలేదు.

అంతా నిజమే గానీ, ఆ రుచి సంగతి మాత్రం నేను కల్పించిందే. ఉప్పూ లేదు, కారమూ లేదు. మా కోడలి జావే నయం.